క్యాసెట్టు గేముల పాటలను నాలుగు గొంతులకు పంచడం ఎలా

పాత వీడియో గేము పెట్టెలో పాడేవాళ్లు నలుగురే. మన బజార్లలో అమ్మిన క్యాసెట్టు సెట్లు చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కు నకళ్లు. దాని శబ్దం చిప్పులో పై స్వరాలకు రెండు పల్స్ గొంతులు, కింది స్వరాలకు ఒక ట్రయాంగిల్ గొంతు, దరువుకు ఒక రొద గొంతు ఉంటాయి. ఐదోది కూడా ఒకటుంది కానీ అది ముందే నింపిన చిన్న శబ్దపు ముక్కలను వినిపించడానికే. చాలా పాటలు దాని జోలికే పోలేదు. 1989 నాటి గేమ్ బాయ్‌లోనూ గొంతులు నాలుగే. అందుకే సినిమా పాటను బృందగానానికి కుదించడం కన్నా ఈ పని సులువు. దేన్నీ తీసేయనక్కర్లేదు, మనిషికో గొంతు పంచితే చాలు.

ఒక్క చిక్కుంది. చిప్పు ఊపిరి పీల్చదు, మనిషికి ఊపిరి కావాలి. ఈ పనిలో పడే తిప్పల్లో సగం అక్కడివే.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి చోట్ల తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కలిసి పాడే బృందాలను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతి రాశాం. రెండు భాషలు, రెండు సంగీత పద్ధతులు ఒకే గదిలో కలిసినప్పుడు వచ్చే పేచీలు వేరే ఊళ్లలో రావు.

ముందు పాట ఎంచుకోండి

మొదటిసారికి టెట్రిస్ పాట తీసుకోండి. గేమ్ బాయ్ టెట్రిస్‌లో ఎ-రకం సంగీతంగా వినిపించే ఆ వరస నిజానికి కొరొబెయినికి అనే రష్యన్ జానపద గీతం. దాని మాటలకు మూలం నెక్రాసోవ్ 1861లో రాసిన కవిత. గేము కోసం దాన్ని మలిచింది హిరోకాజు తనాకా. జానపదం కాబట్టి వరస ఎవరి సొత్తూ కాదు. పైగా ముఖ్యమైన భాగమంతా స నుంచి పై స దాకా, సరిగ్గా ఒక్క స్థాయిలో ఇముడుతుంది. మారియో పాట మొదటిసారికి వద్దు. అందరికీ తెలిసిన పాటే కానీ దాని దరువు బీటు మీద పడకుండా పక్కపక్కన పడుతుంది, కొత్తవాళ్లు రెండో వరుసకే దారి తప్పుతారు.

వినడం, వేగం తేల్చుకోవడం

యూట్యూబులో మొత్తం పాట వింటూ గొంతులు విడదీయాలని చూడకండి, అవదు. పాత గేములను కంప్యూటర్లో ఆడించే ఎఫ్‌సీఈయూఎక్స్ లాంటి ఉచిత ఎమ్యులేటర్లో ఒక్కో ఛానెల్ శబ్దాన్ని విడిగా తగ్గించుకోవచ్చు. ఫామికామ్ పాటలకైతే మిగతావన్నీ సున్నా చేసి ట్రయాంగిల్ ఒక్కటే వినండి. కింది స్వరాలు అరగంటలో పట్టుబడతాయి. తర్వాత రెండో పల్స్, ఆఖరున మొదటి పల్స్. అసలు వరస ఎలాగూ అందరికీ నోటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి దానికి తొందర లేదు. గేమ్ బాయ్ పాటలకు ఆ యంత్రపు ఎమ్యులేటర్ వేరే కావాలి.

వేగం దగ్గర జ్ఞాపకాన్ని నమ్మకండి. ఈ గేములు సెకనుకు 60 ఫ్రేములు నడిచే యంత్రాలకు రాసినవి. అప్పటి మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 ఫ్రేములు. పాల్ సెట్లో వేగం సరిదిద్దకుండా ఆడిన గేములో పాట ఆరింట ఐదు వంతుల వేగానికి పడిపోతుంది, అంటే 150 బీట్ల పాట 125 అవుతుంది. కాబట్టి ఇంట్లో సెట్టు మీద విన్నవాళ్లు ఒక వేగం అంటారు, ఫోనులో విన్నవాళ్లు ఇంకో వేగం అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. బీట్లు సమానంగా కొట్టే మెట్రోనోమ్ పెట్టి ఒక అంకె తేల్చేయండి. టెట్రిస్‌కు నిమిషానికి 132 బీట్లు గొంతుకు హాయిగా ఉంటుంది.

స్వరాలు గళ్ల నోటుబుక్కులో

లెక్కల గళ్ల నోటుబుక్కు తీసుకోండి. ఒక్కో గడి అర బీటు. వరుసకు ఎనిమిది గళ్లు, అంటే నాలుగు బీట్లు. రెండు వరుసలు కలిస్తే ఒక ఆది తాళం ఆవర్తనం. కామా ఉన్న గడిలో ముందు స్వరాన్నే సాగదీయాలి, అడ్డగీత ఉంటే మౌనం.

1. ప , రి గ మ , గ రి
2. స , స గ ప , మ గ
3. రి , , గ మ , ప ,
4. గ , స , స , , ,
5. – మ , ద స , ని ద
6. ప , , గ ప , మ గ
7. రి , రి గ మ , ప ,
8. గ , స , స , – –

ఐదో వరుసలోని స పై స్థాయిది. వరస మొత్తం నటభైరవి స్వరాల్లో ఉంది: చతుశ్రుతి రి, సాధారణ గ, శుద్ధ మ, శుద్ధ ద, కైశికి ని.

ఇక్కడే మొదటి పేచీ. కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్న పాపకు ‘శుద్ధ దైవతం’ అంటే కింది ద. హిందుస్తానీ పద్ధతిలో నేర్చుకున్న పిల్లవాడికి ‘శుద్ధ ధ’ అంటే పై ద. మన శుద్ధ దైవతాన్ని అతను కోమల్ ధ అంటాడు. నిషాదమూ అంతే. మన కాకలి వాళ్లకు శుద్ధం, మన కైశికి వాళ్లకు కోమలం. పేర్లతో నేర్పితే ఇద్దరూ నమ్మకంగా వేర్వేరు స్వరాలు పాడతారు, తప్పెవరిదో తేలదు. పేర్లు పక్కనపెట్టి హార్మోనియం మెట్లు చూపించండి. ఆరో తెల్ల మెట్టును స చేసుకోండి, అంటే ఆరు శ్రుతి. అప్పుడు ఈ వరసలోని స్వరాలన్నీ తెల్ల మెట్ల మీదే పడతాయి. మొత్తం కూర్పులో నల్ల మెట్టు ఒక్కటే వస్తుంది, కాకలి ని. నోటుబుక్కులో ఆ గడిని పెన్సిలుతో నల్లగా నింపేయండి. ‘తెల్ల ని’, ‘నల్ల ని’ అంటే ఏ పద్ధతి పిల్లలకైనా అర్థమవుతుంది.

ఆరు శ్రుతి ఆడపిల్లలకు మధ్య స్థాయిలో సరిపోతుంది. కింది గొంతు పాడే మగవాళ్లు అదే స ఒక స్థాయి కిందకు తీసుకుంటారు.

మిగతా మూడు గొంతులు

కింది గొంతుకు వరుసకు ఒక్కటే స్వరం: ప, స, ప, స, మ, గ, ప, స. దీన్ని 1, 3, 5, 7 గళ్లలో ‘దుమ్’ అని కొట్టినట్టు పాడాలి. ప ఎప్పుడూ స పైన ఉన్నదే, మంద్ర ప కాదు. గొంతు బరువుగా ఉందని గర్వపడే అబ్బాయి మంద్ర పంచమానికి దిగాలని చూస్తాడు. అక్కడ స్వరం వినిపించదు, గురగుర మాత్రమే వినిపిస్తుంది.

రెండో గొంతు 2, 4, 6, 8 గళ్లలో ‘న’ అంటుంది. దాని స్వరాలు: నల్ల ని, స, నల్ల ని, స, స, తెల్ల ని, నల్ల ని, స. నిషాదాలు రెండూ స కిందివే. మూడు స్వరాలే కదా, పక్క పక్కవే కదా అని బృందంలో అందరికన్నా బలహీనంగా పాడే పిల్లకు ఇచ్చేస్తుంటారు. అలా చేయకండి. శ్రుతి అందరికన్నా బాగా నిలిపేవాళ్లకు ఇవ్వండి. ఆరో వరుసలో తెల్ల ని పాడి, ఏడో వరుసలోనే నల్ల ని పట్టుకోవాలి. అది జారితే ఏడో వరుసలో కింది ప మీద కూర్చోవలసిన స్వరాల కట్టు మొత్తం నీరసపడిపోతుంది, ఎక్కడ తేడా కొట్టిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి. కర్ణాటకం నేర్చినవాళ్లు కాకలి నిషాదాన్ని పై షడ్జానికి ఆనించి పాడతారు. ఒంటరి పాటలో అది అందం. ఇక్కడ కింద ప మోగుతుంటే నల్ల నిని హార్మోనియం మెట్టు కన్నా వెంట్రుకవాసి తగ్గించి పాడాలి. రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడినట్టు వినిపించే చోటు అదే. దాన్ని వెతకడానికి ఇద్దరినీ నిలబెట్టి, ప, నల్ల ని రెండింటినీ ఎనిమిది బీట్లు సాగదీయించండి. ఒక్కసారి చెవికి పడితే మళ్లీ చెప్పక్కర్లేదు.

శ్రుతి పెట్టె పాట మొదలవక ముందు మాత్రమే. ఆగకుండా మోగే స పక్కన నల్ల ని ఒక్క మెట్టు దూరంలో రాసుకుంటూ ఉంటుంది, పాట పొడుగునా ఆ గరగర పోదు.

రొద గొంతుకు స్వరం లేదు. 1, 5 గళ్లలో మూసిన పెదవులతో ‘బ్’, 3, 7 గళ్లలో ‘క్’, సరి గళ్లలో ‘ట్స్’. మృదంగం జతులు వచ్చినవాళ్లు ‘ధీం’, ‘తోం’ వాడాలని ఉబలాటపడతారు. వాటిలో స్వరముంటుంది, కింది గొంతుతో తగువు పడుతుంది. ‘తకిట’ వరకైతే పరవాలేదు.

ముగ్గురే దొరికితే రొదను వదిలేయండి, రెండో గొంతును కాదు. చప్పట్లు వినేవాళ్లు కొడతారు, నల్ల ని వాళ్లు పాడరు.

ఏ అక్షరంతో పాడాలి

పల్స్ తరంగానికి వెడల్పు ఉంటుంది: 12.5 శాతం, 25 శాతం, 50 శాతం. సన్నదానికి ముక్కు స్వరం, సగానిది బోలు స్వరం. గొంతులో దీన్ని అచ్చులతో తేవాలి. 12.5 శాతానికి ‘ఈ’, 25కు ‘ఏ’, 50కి ‘ఓ’. ట్రయాంగిల్‌కు ‘ఊ’. అసలు వరసకు ‘డే, డి’ వాడితే గేము రంగు బాగా వస్తుంది. ట్రయాంగిల్‌కు ధ్వని పెంచే తగ్గించే సదుపాయం లేదు. మోగుతుంది, లేదా ఆగుతుంది. కింది గొంతు కూడా అలాగే ఒకే బలంతో పాడి, ప్రతి ‘దుమ్’నూ ‘మ్’తో టక్కున మూసేయాలి. భావం పెట్టి పాడొద్దని గాయకుడికి చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి.

ఒడియా నోటికి అక్షరంలోని ‘అ’ కాస్త ‘ఒ’ వైపు తిరిగి పలుకుతుంది. తెలుగు పాప ‘న న న’ అంటుంటే పక్కవాడి నోట అది ‘నొ నొ నొ’ అవుతుంది. రెండో గొంతును ఇద్దరు పాడుతుంటే స్వరం ఒకటే అయినా శ్రుతి కలవనట్టు వినిపిస్తుంది. దిద్దబోతే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు, వాడి భాషలో అదే సరైన పలుకు మరి. అందుకని ఇద్దరు పాడే చోట ‘న’ మానేసి ‘ను’ గానీ ‘ని’ గానీ పెట్టండి, పేచీ తీరిపోతుంది. కాగితం మీద అక్షరాలను రెండు లిపుల్లోనూ రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివిన పిల్లలకు తెలుగు లిపి రాకపోవచ్చు.

తెలుగు మాటలు పెట్టాలనిపిస్తే ఈ వరస మన ఛందస్సుకు వరంలా దొరికింది. మొదటి రెండు వరుసల నడక దీర్ఘం, హ్రస్వం, హ్రస్వం. మళ్లీ దీర్ఘం, హ్రస్వం, హ్రస్వం. అంటే నాలుగు భగణాలు. మూడో వరుస గురువు, లఘువు, గురువు, గురువు. నాలుగోది మూడు గురువులు. ‘ఆటల పాటల తోటకు పోదము, వేగ రారా, ఓ చెల్లీ’ అని పాడి చూడండి, ఎక్కడా లాగక్కర్లేదు, కుక్కక్కర్లేదు. కాకపోతే ఒడియా పలుకులో హ్రస్వ దీర్ఘాల తేడా వినిపించదు కాబట్టి ఆ పిల్లలు ‘తోటకు’ను మూడు సమాన ముక్కలుగా పాడే ప్రమాదముంది. చేత్తో తాళం వేయిస్తూ మాటలు ముందు చదివించి, తర్వాత స్వరంలో పెట్టించండి.

గమకాలు వద్దు. గేము స్వరం గీత గీసినట్టు నిలబడుతుంది. కర్ణాటకం వచ్చినవాళ్లు సాధారణ గాంధారాన్ని తెలియకుండానే ఊపుతారు. లలిత సంగీతం పాడేవాళ్లు ప నుంచి రికి జారుతారు. రెండూ ఆపాలి. చాలా గేము పాటల్లో పొడుగు స్వరం చివర చిన్న వణుకు ఉంటుంది. స్వరం నిలబడ్డాక, ఆలస్యంగా మొదలవుతుంది. కావాలంటే నాలుగో వరుస ఆఖరి సలో ఒక గడి నిటారుగా ఉంచి ఆ తర్వాత వణికించండి. మొదటి నుంచీ వణికిస్తే భజనలా వినిపిస్తుంది.

ఊపిరి

అసలు వరసలో మొదటి నాలుగు వరుసలకు మౌనం లేదు. 132 వేగంలో ఆ పదహారు బీట్లు ఏడు సెకన్ల చిల్లర, ఒక ఊపిరిలో వస్తాయి. నెమ్మదిగా సాధన చేద్దామని 72లో పెడితే అవే పదమూడు సెకన్లు దాటతాయి. పిల్లలు నీలుగుతారు, పాట కష్టమనుకుంటారు. కష్టం పాటది కాదు, వేగానిది. నెమ్మది సాధనలో రెండో వరుస చివర ఆపి ఊపిరి తీయించండి. 72 నుంచి 12 చొప్పున పెంచుతూ, 120 దాటాకే నాలుగు వరుసలూ కలపండి.

ఐదో వరుస మొదటి గడి ఖాళీగా ఉంది, అక్కడ పీల్చుకోవచ్చనిపిస్తుంది. ఆ గడి నిడివి పావు సెకను కూడా ఉండదు, గుటకే పడుతుంది. నాలుగో వరుస ఆఖరి సను నాలుగు గళ్లకు బదులు రెండే గళ్లు పాడి ఆపండి. మూడు గళ్ల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో కింది గొంతు, రెండో గొంతు ఆగకూడదు. కింది గొంతు ఎనిమిదో వరుస ఏడో గడి వదిలి పీల్చాలి, రెండో గొంతు రెండు, ఆరు వరుసల ఎనిమిదో గడిలో. అందరూ ఒకేచోట పీల్చారంటే కరెంటు పోయినట్టు ఉంటుంది.

వరసకు ఇద్దరుంటే రెండేసి వరుసలు పంచుకోనివ్వండి. అప్పగించే చోట మొదటామె తన ఆఖరి స్వరాన్ని రెండోవారి మొదటి స్వరం మీదికి కొద్దిగా సాగదీయాలి. లేకపోతే అతుకు కనబడుతుంది.

నెమ్మది భాగం, ముగింపు

ఎనిమిది వరుసలు రెండుసార్లు అయ్యాక నెమ్మది భాగం: ప గ, మ రి, గ స, నల్ల ని, మళ్లీ ప గ, మ రి, గ ప పై స, నల్ల ని. స్వరానికి నాలుగు గళ్లు; నల్ల ని రెండుచోట్లా ఎనిమిది గళ్లు, చివరి ‘గ ప’ మాత్రం రెండేసి గళ్లు. మొదటి నల్ల ని స కిందిది, రెండోది పై స పక్కది. ఇక్కడ రొద ఆపేసి, రెండో గొంతు నోరు మూసి హమ్ చేస్తే చాలు. శ్రుతి పడిపోయేది ఈ భాగంలోనే. ముందు హార్మోనియంతో స సరిచూసి, ఇది అయ్యాక మళ్లీ చూడండి. కిందకి జారి ఉంటే తప్పు దాదాపు ఎప్పుడూ ఎక్కేటప్పటిదే. ని నుంచి సకు ఎక్కడంలో బద్ధకిస్తారు. ‘ఎక్కేటప్పుడు పెద్ద అడుగు, దిగేటప్పుడు చిన్న అడుగు’ అని గుర్తుచేస్తే సరిపోతుంది.

గేములో పాటకు ముగింపు లేదు, ఆటగాడు ఓడిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. వేదిక మీద మీరే ఓడించాలి. ఆఖరిసారి 12 బీట్ల చొప్పున వేగం పెంచుతూ పోయి, ఎనిమిదో వరుస ఆఖరి స మీద నలుగురూ ఒకేసారి ఆపేయడం బాగా పండుతుంది. ఆట వేగం పెరిగే తీరు తెలిసినవాళ్లు అక్కడే నవ్వుతారు.

రికార్డింగు

ఫోను ఒక్కటే ఉంటే మీటరు దూరంలో పెట్టి అర్ధచంద్రంగా నిలబడండి. కింది గొంతు ముందుకు, అసలు వరస ఒకడుగు వెనక్కి, రొద పక్కకు తిరిగి. ‘బ్’ నేరుగా మైకులోకి ఊదితే ఢమ్మని పేలుతుంది. ఫ్యాను ఆపాల్సిందే, ఉక్కపోసినా తప్పదు. రేకుల కప్పు గది వద్దు. పరుపులు, బొంతలు ఉన్న పడకగది స్టూడియో కన్నా తక్కువేం కాదు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్ర జరిగే నెలలో అయితే రికార్డింగు ముచ్చటే మర్చిపోండి.

విడివిడిగా రికార్డు చేస్తే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. కింది గొంతుతో మొదలుపెట్టి, తర్వాత రెండో గొంతు, ఆపైన అసలు వరస. చాలామంది వరసతోనే మొదలుపెడతారు, తర్వాత మిగతావాళ్లు దాని తప్పులకు సర్దుకోవాల్సి వస్తుంది. చెవిలో మెట్రోనోమ్ వినడానికి తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, అందరూ వెనకబడి పాడతారు. ప్రతి ట్రాకు మొదట్లో నాలుగు లెక్కపెట్టి ఒక్క చప్పట్టు కొట్టించండి. తర్వాత చప్పట్ల గీతలు ఒకదాని కింద ఒకటి పేర్చితే ట్రాకులు కుదురుతాయి. శబ్దం మట్టం మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి.

తర్వాతి పాటలు

మారియో నేలమాళిగ పాట రెండోదిగా బాగుంటుంది. అది కోజీ కొండో 1985లో కూర్చినది. ఒకటి శ్రుతిలో స, పై స. మంద్ర చతుశ్రుతి ద, దాని పై ద. మంద్ర కైశికి ని, దాని పై ని. ఒక్కరు పాడితే గొంతు ఎగిరెగిరి పడుతుంది. కింది స్వరాలు అబ్బాయికి, పైవి అమ్మాయికి ఇచ్చి బంతి విసిరినట్టు పాడించండి. అదే గేములోని నీటి పాట మూడు బీట్ల నడక, ఊపిరికి హాయి. నొబువో ఉఎమాత్సు ఫైనల్ ఫాంటసీ (1987) ఆరంభ సంగీతంలో స రి గ ప, స రి గ ప అంటూ స్థాయి మీద స్థాయి ఎక్కే మెట్లన్నీ పాడటం ఏ బృందానికీ కుదరదు. వాటిని రెండు స్థాయిలకు కుదించి, పాడిన ప్రతివారూ తమ ఆఖరి స్వరాన్ని గంటలా మోగనివ్వాలి.

కొన్ని పాటల్లో చిప్పు మూడు స్వరాలను కళ్లు మూసి తెరిచేలోపు తిప్పి తిప్పి వాయించి, ఒకేసారి మోగినట్టు భ్రమ కల్పిస్తుంది. గొంతుతో అది కుదరదు, ప్రయత్నిస్తే పుక్కిలించినట్టుంటుంది. ఆ మూడు స్వరాలనూ ముగ్గురికి పంచి నిలబెట్టండి.

మారియో, ఫైనల్ ఫాంటసీ వరసలకు హక్కుదారులున్నారు. వీడియో కింద స్వరకర్త పేరు, గేము పేరు, సంవత్సరం రాయండి. రాసినా హక్కుల నోటీసు రావచ్చు, అప్పుడా వీడియో మీద ఆదాయం ఆశించకండి. టెట్రిస్‌కు మాత్రం గేమ్ బాయ్ కూర్పును మక్కీకి మక్కీ దించకుండా పైన ఇచ్చిన గొంతులతో పాడి, కింద ‘రష్యన్ జానపదం’ అని రాస్తే చాలు.